కలుపు మొలిచిన ట్రాక్ మీద మళ్లీ హోరు

అమెరికాలో కార్ల రేసంటే చాలామంది డేటోనా పేరు చెబుతారు. నన్నడిగితే మాత్రం నార్త్ విల్క్స్‌బరో చూడమంటాను. మేముండే షార్లెట్ నుంచి గంటన్నర ప్రయాణం. చుట్టూ కొండలు, మధ్యలో మైలు కూడా లేని చిన్న ట్రాక్. అంతే!

1947లో ఇనాక్ స్టేలీ అనే ఆయన మరికొందరితో కలిసి దీన్ని కట్టించాడు. నేల చదును చేయించడానికి డబ్బు చాలక ఏటవాలుగానే వదిలేశారని చెప్పుకుంటారు. అందుకే కార్లు ఒకవైపు పల్లానికి దిగుతాయి, అవతలివైపు మెరక ఎక్కుతాయి.

అప్పట్లో ఆ ప్రాంతం నాటుసారాకి పెట్టింది పేరు. పోలీసులకి చిక్కకుండా కొండదారుల్లో సారా కార్లు తోలిన కుర్రాళ్లే రేసర్లయ్యారు. జూనియర్ జాన్సన్ అలా వచ్చినవాడే. సారా బట్టీ దగ్గర దొరికిపోయి జైలుకెళ్లాడు. మొత్తమ్మీద 50 పెద్ద రేసులు గెలిచాడు. 1986లో అధ్యక్షుడు రీగన్ ఆయనకి క్షమాభిక్ష పెట్టాడు. సారా కథలు వింటూ పెరిగిన మనలాంటివాళ్లకి ఈయన పరాయివాడిలా అనిపించడు.

1995లో స్టేలీ పోయాడు. ట్రాక్ చేతులు మారింది. కొత్త యజమానులు ఇక్కడి రేసుల్ని టెక్సస్, న్యూ హాంప్‌షైర్‌లలోని పెద్ద ట్రాకులకి తరలించేశారు. 1996 సెప్టెంబర్ 29న ఆఖరి కప్ రేసు జెఫ్ గోర్డాన్ గెలిచాడు. ఆ తర్వాత గేటుకి తాళం. తారు పగుళ్లలో కలుపు మొలిచింది.

మా పక్కింటి పెద్దాయనది ఆ ఊరే. "రేసు రోజున మా అమ్మ ఇంటిముందు గడ్డిలో కార్లు పెట్టనిచ్చేది. ఆ డబ్బులతోనే మాకు చలికోట్లు కొనేది" అన్నాడోసారి. రేసు పోతే ఊరికి ఏం పోయిందో నాకప్పుడు తెలిసింది.

2019 డిసెంబర్‌లో డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ కొందరిని వెంటబెట్టుకొచ్చి ఆ కలుపంతా తీయించాడు. కనీసం కంప్యూటర్ రేసు ఆటలోనైనా ఈ ట్రాక్ బతకాలని ఆయన తాపత్రయం. తర్వాత ప్రభుత్వం నిధులిచ్చింది. 2022లో మళ్లీ రేసులు మొదలయ్యాయి. 2023 మేలో ఆల్‌స్టార్ రేసే వచ్చింది!

దానికి పెద్దాయనతో కలిసి నేనూ, మా అమ్మాయీ వెళ్లాం. దారిలో ఓ ఇంటిముందు కుర్రాడొకడు అట్టముక్క మీద పార్కింగ్ రేటు రాసి పట్టుకున్నాడు. పెద్దాయన అక్కడే కారాపించి, నోటిచ్చి, చిల్లర ఉంచుకోమన్నాడు.

లోపల వెలిసిపోయిన పాత బోర్డులు కొన్ని అలాగే ఉంచారు. ఇంజన్లు ఒక్కసారిగా రేగితే ఆ హోరు గుండెల్లో కొట్టుకుంటుంది. పక్కవాళ్లతో మాట్లాడాలంటే సైగలే గతి. కైల్ లార్సన్ గెలిచాడు. జనమంతా లేచి అరుస్తుంటే, పెద్దాయన మాత్రం కూర్చునే కళ్లు తుడుచుకున్నాడు.

షార్లెట్‌లో మీవాళ్లెవరైనా ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు ఓ రేసు చూసి రండి. చెవుల్లో పెట్టుకోడానికి దూది మర్చిపోకండి. కారు మాత్రం ఎవరి ఇంటిముందైనా పెట్టండి. ఆ నాలుగు డాలర్లూ ఊళ్లోనే ఉంటాయి.