ఒకే నంబరుకు ఇద్దరు

తప్పు ఒప్పుకోవడానికి వయసు అడ్డు రాకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా కోడలు ఇంటి నుండే ఉద్యోగం చేస్తుంది. రాత్రి 7 గంటల తరువాత అమెరికాలోని పైఅధికారులతో మాట్లాడాలి. పొరుగింటి పిల్ల పదవ తరగతి చదువుతోంది. వాళ్లింట్లో ఇంటర్నెట్టు లేదు గనుక పొద్దుగూకగానే మా అరుగు మీద కూర్చుని ఫోనులో పాఠాలు వినేది.

సంక్రాంతి వెళ్లాక, దొంగల భయంతో పశువుల పాక దగ్గర ఒక కెమెరా పెట్టించి, రౌటరు నుండి దానికి తీగ లాగించాను. చీకటి పడగానే దాని స్విచ్చి వేస్తాను. ఆ వారం నుండే రాత్రిపూట కోడలి లాప్‌టాప్‌లో ఇంటర్నెట్టు తెగిపోసాగింది. "ఇలాగైతే నా ఉద్యోగం నిలవదు మామయ్యగారూ" అని కన్నీళ్లు పెట్టుకుంది.

నా చూపు అరుగు మీదికి పోయింది. ఆ పిల్ల వచ్చే వేళకే గదా తెగుతోంది! ఎవరినీ అడగకుండా పాస్‌వర్డు మార్చేశాను. "తాతయ్యా, పాఠం రావడం లేదు" అంటే, "మా ఇంట్లో వాళ్లకే చాలడం లేదమ్మా" అన్నాను. తల వంచుకొని వెళ్లిపోయింది. పరీక్షలు దగ్గర పడుతున్నాయి.

మరునాడూ తెగింది. ఆ మరునాడూ తెగింది. అయినా నాలో నేను ఒప్పుకోలేదు.

పదోనాడు కంప్యూటరు పని తెలిసిన మా మేనల్లుడు వచ్చాడు. 192.168.1.1 అని కొట్టి రౌటరు పేజీ తెరిచి, నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

ఇంట్లోని ప్రతి పరికరానికీ ఐ.పి. అడ్రసు అనే నంబరు కావాలి. ఫోను వైఫైలో చేరగానే "ఇక్కడ నంబర్లు ఇచ్చేవారెవరు?" అని కేక వేస్తుంది. "ఇదిగో, ఇది ఖాళీగా ఉంది" అంటుంది రౌటరు. "అదే ఇవ్వండి" అంటుంది ఫోను. "సరే, నీదే" అని రౌటరు రాసుకుంటుంది. దీనిని డి.హెచ్.సి.పి. అంటారు. దీని మొదటి నియమాలు 1993లో వెలువడ్డాయి. ఆ నంబరు సొంతం కాదు, గడువు మీద ఇచ్చిన అద్దె. గడువు 24 గంటలైతే, మామూలుగా 12 గంటలకే పరికరం మళ్లీ అడిగి పొడిగించుకుంటుంది. గడువు తీరినా తిరిగి రాకపోతే ఆ నంబరు మరొకరికి ఇవ్వవచ్చు.

పాత పద్ధతిలో లోకమంతటికీ ఉన్న నంబర్లు దాదాపు 429 కోట్లే. అవి చాలవు గనుక 192.168తో మొదలయ్యేవాటిని 1996 నాటి నియమాల్లో లోపలి వాడుకకని విడిగా ఉంచారు. మా ఇంటి నంబరే మీ ఇంట్లోనూ ఉండవచ్చు, తగవు లేదు. బయటివారితో ఇంటి అందరి తరపునా రౌటరే మాట్లాడుతుంది. కాని ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే నంబరు ఉండకూడదు.

మా రౌటరు 100 నుండి 199 వరకు పంచుతోంది. కోడలి లాప్‌టాప్‌కు చివరి అంకె 105. "మామయ్యా, కెమెరా నంబరు ఎంత?" అన్నాడు. డైరీ తీశాను. నా చేతిరాతే: 105. స్థిరమైన నంబరు ఉంటే మంచిదని నేనే వేయించాను. రౌటరును అడగకుండా వేసింది గనుక దాని లెక్కలో లేదు. చీకటి పడి కెమెరా లేవగానే ఒకే నంబరుకు రెండూ పలికేవి. కోడలికి రావలసింది దారి తప్పేది.

రౌటరు పంచే వరుసకు బయట ఉన్న 50ని కెమెరాకు వేశాడు. లేదా రౌటరులోనే ఆ పరికరం పేర ఒక నంబరు కేటాయించి ఉంచవచ్చునట. ఆ రాత్రి కోడలు గంటసేపు మాట్లాడింది. ఒక్కసారి కూడా తెగలేదు.

కొత్త పాస్‌వర్డు కాగితం మీద రాసుకొని పొరుగింటికి వెళ్లాను. "తప్పు నాదే తల్లీ" అన్నాను. ఆ పిల్ల వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి పుస్తకాలు తీసుకొని నా వెనుకే వచ్చి అరుగు మీద కూర్చుంది.

ఆమె పోగొట్టుకున్న పది సాయంత్రాలు నేను తిరిగి ఇవ్వలేను. మీ ఇంట్లో ఇలా జరిగితే ముందు రౌటరు పేజీలోని నంబర్లు చూడండి. పొరుగువారి వంక ఆ తరువాత చూడవచ్చు.