ఒంటి జోడు కుట్టే పొట్టివాడి పూర్వోత్తరాలు

ఐర్లండు పేరు చెప్పగానే మన లిటరేచరు విద్యార్థులకి యేట్స్, షా, జాయిస్ గుర్తుకొస్తారు. చరిత్ర చదివేవాళ్ళకి డి వలేరా గుర్తుకొస్తాడు. మిగతా ప్రపంచానికి మాత్రం ముందుగా కనిపించేది ఒక పొట్టివాడు. ఆకుపచ్చ కోటు, ఆకుపచ్చ టోపీ, ఎర్ర గడ్డం, పక్కన బంగారు నాణేల కుండ, పైన ఇంద్రధనుస్సు. వీడి పేరు లెప్రకాన్. గ్రీటింగు కార్డుల మీద వీడే, బొమ్మల దుకాణాల్లో వీడే, ఫలహారం డబ్బాల మీదా వీడే. ఇంతటి ప్రచారం అక్కడి మహాకవులకి గానీ, ప్రాణాలొడ్డిన దేశభక్తులకి గానీ దక్కలేదు. అది వీడి అదృష్టమనీ, ఆ దేశపు దురదృష్టమనీ అనేవాళ్ళున్నారు. ఆ సంగతి తరవాత చూద్దాం.

నాకు వీడితో పరిచయం యేట్స్ ద్వారా కలిగింది. పరీక్షల కోసం ఆయన పద్యాలు తిరగేస్తూంటే, 1888లో ఆయన కూర్చిన ఐరిష్ పల్లె కథల సంకలనం లైబ్రరీలో చేతికొచ్చింది. అందులో ఆయన ఫెయిరీలనే ఆ మాయజాతిని రెండు తెగలు చేశాడు. గుంపులుగా ఆడి పాడేవాళ్ళు ఒక తెగ, ఒంటిగా తిరిగేవాళ్ళు మరో తెగ. గుంపులో వాళ్ళవి ఆకుపచ్చ కోట్లట, ఒంటివాళ్ళవి ఎర్రకోట్లట. లెప్రకాన్ ఒంటివాడు. అంటే వాడిది ఎర్రకోటు! అంతకు ముందు 1831లో శామ్యూల్ లవర్ అనే రచయిత కూడా వాడికి ఎర్రకోటే తొడిగాడు. మరి ఈ ఆకుపచ్చ రంగు ఎవరు పులిమారు? ఈ చిన్న అనుమానం పట్టుకుని వెనక్కి నడవడం మొదలుపెడితే, దారి పన్నెండు వందల ఏళ్ళ దాకా పోయింది.

అంత వెనక, ఎనిమిదో శతాబ్దపు ఐరిష్ భాషలో, ఫెర్గస్ మాక్ లేటి అనే అల్‌స్టర్ రాజు కథ ఒకటుంది. రాజుగారు సముద్రపు ఒడ్డున నిద్రపోతున్నారు. ఏదో ఒళ్ళు జలదరించి కళ్ళు తెరిచి చూస్తే కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి. బుడతలంత మనుషులు కొందరు చేరి, ఆయన్ని మెల్లగా సముద్రంలోకి ఈడ్చుకుపోతున్నారు. వాళ్ళని ఆ కథలో లూఖోర్పాన్లు అన్నారు. మన లెప్రకాన్ కనిపించే మొట్టమొదటి చోటు ఇదేనని పండితుల మాట. గమనించండి: కుండ లేదు, బంగారం లేదు, చెప్పులు లేవు. వీళ్ళు నీటి మనుషులు.

రాజు ముగ్గుర్ని ఒడిసి పట్టాడు. మూడు వరాలిస్తేనే వదుల్తానన్నాడు. నీళ్ళ అడుగున తిరిగే విద్య ఇచ్చారు గానీ ఒక మెలిక పెట్టారు: నీ సొంత రాజ్యంలోని రూద్రిగే జలాల్లోకి మాత్రం దిగకూడదు. వద్దన్న పనే గదా రాజులు చేసేది! దిగాడు. అక్కడి జలరాక్షసిని చూసిన భయానికి మొహం వంకర తిరిగిపోయింది. వికలాంగుడైన రాజు ఏలడానికి పనికిరాడని ఆనాటి ధర్మం. అందుకని పరివారమంతా కూడబలుక్కుని ఏడేళ్ళు ఆయనకి సంగతి తెలియకుండా కాపాడారు. చివరికి ఒక దాసి, రాజు చేతి దెబ్బ తిని, ఉన్నమాట మొహానే అనేసింది. రాజు ఆమెను చంపి, మళ్ళీ నీళ్ళలో దిగి, ఆ రాక్షసిని చంపి తానూ చచ్చాడు. పిల్లల కథ అనుకుని మొదలుపెడితే ఇంత చేదుగా ముగుస్తుంది. అందులో నన్ను పట్టుకున్నది రాజూ కాదు, రాక్షసీ కాదు, నిజం చెప్పి ప్రాణం పోగొట్టుకున్న ఆ దాసి.

ఇదే కథని తరవాతి శతాబ్దాల్లో ఎవరో హాస్యంగా తిరగరాశారు. అందులో పొట్టివాళ్ళకి ఒక దేశముంది, యూబ్దాన్ అనే రాజున్నాడు, బేబో అనే రాణి ఉంది. తనంత మొనగాడు లేడని యూబ్దాన్ గొప్పలు పోతే, ఆస్థానకవి పకపకా నవ్వి, అల్‌స్టర్లో నిజమైన భారీ మనుషులున్నారని చెప్పాడు. రాజు పౌరుషానికి పోయి అక్కడికెళ్ళి గంజికుండలో పడ్డాడు. పట్టుబడ్డాడు. రాజుని విడవమంటూ వాళ్ళ పొట్టి సైన్యం వచ్చి లేగల్ని విడిచి పాలు తాగించేసింది, బావులు పాడుచేసింది, వెన్నులు కోసేసింది. ఆఖరికి యూబ్దాన్ తన విడుదలకి ఇచ్చిన మూల్యమేమిటో తెలుసా? నీళ్ళ మీద నేల మీద నడిచినట్టు నడిపించే జోళ్ళు! తరవాత్తరవాత వీడు చెప్పులు కుట్టేవాడిగా మారడానికి బీజం ఇక్కడుందో ఏమో అని నాకు తోచింది. ఇది నా ఊహ, పండితులది కాదు.

వీడి పేరు మీద పండితులకి పెద్ద తగువే ఉంది. ‘లూ’ అంటే చిన్న, ‘కోర్ప్’ అంటే శరీరం, కలిపితే చిరుదేహుడు అని చాలాకాలం అనుకున్నారు. పల్లెవాళ్ళు ఈ గొడవేం పెట్టుకోకుండా, వాడెప్పుడూ ఒంటి జోడే కుడుతూంటాడు గనక ‘లే బ్రోగ్’, అంటే జతలో ఒక జోడు, అన్నమాట నుంచి వచ్చిందని తేల్చేశారు. 2019లో కేంబ్రిడ్జి, బెల్‌ఫాస్టు క్వీన్స్ విశ్వవిద్యాలయాలవారు పాత ఐరిష్ నిఘంటువుని సవరించి విడుదల చేసినప్పుడు మరో వాదం బయటికొచ్చింది. ఈ మాట అసలు ఐరిష్‌దే కాదట. రోము నగరంలో ఫిబ్రవరి పండుగనాడు పరుగులు తీసే లూపర్కీ అనే బృందం పేరు నుంచి వచ్చిందట. సెయింట్ అగస్టీన్ తన గ్రంథంలో చెరువు ఈది తోడేళ్ళుగా మారే మనుషుల సంగతి చెబుతూ, ఆ పక్కనే లూపర్కీలనీ ప్రస్తావించాడు. ఆ లాటిన్ గ్రంథాలు చదివిన ఐరిష్ సన్యాసుల చేతుల్లో లూపర్కీలు నీటిలో తిరిగే వింతజాతి అయిపోయారని ఈ వాదన. పక్కా పల్లెటూరి సరుకనుకున్నది మఠాల్లోని పుస్తకాల నుంచి దిగివచ్చిందన్న మాట! జానపదం వేరు, శిష్టసాహిత్యం వేరు అని గీత గీసి మార్కులు తెచ్చుకునే మనం ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

పల్లెల్లో మాత్రం వీడు ఏ లాటినూ రాని ముసలాడు. తోలు గుడ్డ నడుముకి కట్టుకుని, కంచె చాటున కూర్చుని టకటకా మేకులు కొడుతూంటాడు. ఆ చప్పుడే వాడి ఆనవాలు. వాడికి తెలియని పాతర లేదు. పట్టుకుని గద్దిస్తే నిధి చూపించి తీరాలి. కానీ కన్నార్పకుండా వాడినే చూస్తూ ఉండాలి. చూపు మళ్ళిందా, మాయం. వాడి దగ్గరొక సంచి కూడా ఉంటుంది. ఎన్నిసార్లు తీసినా అందులో మళ్ళీ ఒక్క షిల్లింగే పుడుతుంది, అంతకంటే ఎక్కువ కాదు. అల్‌స్టర్లో లుఖ్రమాన్ అనీ, మన్‌స్టర్లో క్లూరికాన్ అనీ ఊరికో పేరు. క్లూరికాన్‌కి అదనంగా పెద్దింటి నేలమాళిగల్లో దూరి సారా పీపాలు ఖాళీచేసే అలవాటుంది.

క్రాఫ్టన్ క్రోకర్ అనే కార్క్ పట్టణవాసి 1825లో దక్షిణ ఐర్లండు కథలు అచ్చువేశాడు. మరుసటి సంవత్సరమే గ్రిమ్ సోదరులు దాన్ని జర్మనులోకి మార్చారు. అందులో టామ్ ఫిట్స్‌పాట్రిక్ అనే రైతుబిడ్డ కథ మచ్చుకి చెబుతాను. టామ్ వీడిని గట్టిగా పట్టుకుని నిధి చూపించమన్నాడు. పసుపుపూల కలుపుమొక్కలు నిండిన చేలోకి తీసుకెళ్ళి ఒక మొక్క చూపించి, దీని కింద కుండెడు బంగారం ఉందన్నాడు వాడు. టామ్ దగ్గర పలుగూ పారా లేదు. తన మేజోటికి కట్టుకున్న ఎర్రపట్టీ విప్పి ఆ మొక్కకి గుర్తుగా కట్టి, దాన్ని విప్పనని వాడిచేత ఒట్టేయించుకుని ఇంటికి పరిగెత్తాడు. తిరిగొచ్చి చూస్తే ఏముంది? నలభై ఎకరాల చేలోనూ ప్రతి మొక్కకీ అచ్చం అలాంటి ఎర్రపట్టీయే!

సెలవుల్లో మా అమ్మమ్మకి ఈ కథ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. “వాడు ఒట్టు తప్పలేదు కదురా” అంది. కాసేపాగి, “ఆ పొట్టాడికి పెళ్ళాంబిడ్డలు లేరా?” అని అడిగింది. లేరన్నాను. నిజంగానే పల్లె కథల్లో లెప్రకాన్లందరూ మగవాళ్ళే, అందరూ ఏకాకులే. “అయితే అంత బంగారం ఎవరికోసం దాస్తున్నాడు?” అంది ఆవిడ. అంత పెద్ద పుస్తకాల్లోనూ ఈ ప్రశ్న నాకు ఎదురుకాలేదు.

నిజమే, ఎవరికోసం? వాడికోసం కాదు, కథ చెప్పుకునే వాళ్ళకోసం. పంతొమ్మిదో శతాబ్దపు ఐరిష్ రైతు చాలామట్టుకు తన భూమిలో తానే కౌలుదారు. శిస్తు దొరకి, గింజలు ఎగుమతికి, తనకి బంగాళాదుంప. 1845లో ఆ దుంపకి తెగులు తగిలింది. తరవాతి ఏడేళ్ళలో దాదాపు పదిలక్షలమంది చచ్చిపోయారు, అంతకు మించి దేశాలు పట్టిపోయారు. ఎంత కష్టపడ్డా పైకి రాలేని చోట, పైకి రావడానికి మిగిలిన ఒకే దారి పాతర. ఊళ్ళో ఒకడు ఉన్నట్టుండి నాలుగు రాళ్ళు వెనకేసుకుంటే వాడికి లెప్రకాన్ కుండ దొరికిందనేవాళ్ళు. మనవాళ్ళు లంకెబిందెలు దొరికాయంటారు చూడండి, అదే.

పైగా అది ఉత్త కలా కాదు. 1868లో లిమెరిక్ ప్రాంతంలోని ఆర్డా దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు బంగాళాదుంపలు తవ్వుతూంటే వెండి, బంగారం పనితనంతో మెరిసే ప్రాచీన పానపాత్ర బయటపడింది. అది దొరికింది ఫెయిరీల కోటలని జనం భయపడే గుండ్రటి పాత మట్టికోటల్లో ఒకదానిలో! 1896లో ఉత్తరాన బ్రాయిటర్‌లో నాగలికి బంగారు పడవ బొమ్మ తగిలింది. భూమిలో బంగారం ఉంది, అది అందదు. ఉన్న మాటనే కథ చెప్పింది.

ఇక వాడి ఆకుపచ్చ కోటు. ఆ శతాబ్దంలోనే లండను హాస్యపత్రికలు ఐరిష్‌వాణ్ణి కోతిమొహంతో, తాగుబోతుగా బొమ్మలు వేసేవి. ఆ తరవాత ఐర్లండు జాతీయవర్ణం ఆకుపచ్చని ఈ పొట్టివాడికి తొడిగి, దేశం మొత్తాన్ని వాడితో ఒకటి చేసేశారు. 1940లలో వాల్ట్ డిస్నీ లెప్రకాన్ సినిమా కోసం సాయమడిగితే, ఐరిష్ జానపద సంఘం అధిపతి డెలార్గీ వీరగాథలు తీయమని ఎంతో నచ్చజెప్పి చూశాడు. డిస్నీ వినలేదు. 1959లో పొట్టివాళ్ళ సినిమాయే వచ్చింది. 1963లో మాజీ ప్రధాని జాన్ కాస్టెల్లో చట్టసభలోనే, తమ టూరిజం ప్రకటనల్లో ఈ లెప్రకాన్ గోల ఏమిటని విసుక్కున్నాడు. ఒక జాతి తన కష్టంలో చెప్పుకున్న కథని పైవాడు తీసుకుని, ఆ జాతినే నవ్వులపాలు చేసే బొమ్మగా మార్చడం ఎంత తేలికో చూడండి.

అయితే వాళ్ళు విసుక్కుని ఊరుకోలేదు. 1935లో ఏర్పడిన ఆ జానపద సంఘం, 1937 నుంచి 1939 దాకా ఒక పని చేయించింది. సుమారు అయిదువేల ప్రాథమిక పాఠశాలల్లో, పదకొండేళ్ళు దాటిన పిల్లలకి కాంపొజిషన్ వ్యాసాలకి బదులుగా, ఇంటికెళ్ళి తాతనో అవ్వనో అడిగి వాళ్ళు చెప్పింది రాసుకురమ్మన్నారు. దాచిన నిధులు, ఊరి వైద్యం, వానల గుర్తులు, లెప్రకాన్. దాదాపు యాభైవేలమంది పిల్లలు రాశారు. మొత్తం ఏడు లక్షల నలభైవేల పుటలు! అదంతా నేడు డబ్లిన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో భద్రంగా ఉంది, ఇంటర్నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. ఆకుపచ్చ టోపీవాడికి సరైన జవాబు ఆ పిల్లల నోటుబుక్కులే.

“సావనీరుకి ఇంతకంటే పనికొచ్చే విషయం దొరకలేదా?” అన్నాడు మా రూమ్మేటు. వాడికి నా మనవి ఇది. ఆ దేశానికీ మనకీ సంబంధం లేకపోలేదు. యేట్స్ మిత్రబృందంలో ఐరిష్ పురాణగాథల్ని కవిత్వం చేసిన జేమ్స్ కజిన్స్ 1915లో మన దేశం వచ్చి, మదనపల్లె కాలేజీకి ప్రిన్సిపాలయ్యాడు. 1919లో టాగూరు అక్కడ బసచేసినప్పుడే మన జాతీయగీతానికి ఇంగ్లీషు అనువాదం జరిగింది, కజిన్స్ భార్య మార్గరెట్ స్వరలిపి కట్టింది. కజిన్స్ 1956లో ఆ మదనపల్లెలోనే కన్నుమూశాడు. తన ఊరి కథలకి విలువ తెలిసిన మనిషికి పరాయి ఊరి పాట విలువా తెలుస్తుంది.

మన కాలేజీలో ఎన్ని ఊళ్ళ వాళ్ళం ఉన్నాం! ఈ దసరా సెలవులకి ఒక్కొక్కరం ఒక్క నోటుబుక్కు పట్టుకెళదాం. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ యాసలోనే, దిద్దకుండా రాసుకొద్దాం. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ కింద వేద్దాం. యూనియన్ వారు లైబ్రరీలో ఒక బీరువా ఇప్పిస్తే చాలు. మనవాటికి ఇంకా ఎవరూ టోపీ తొడగలేదు. తొడగకముందే రాసిపెట్టుకుంటే మంచిది.