గదిలో ఎవరూ లేరట!

బొల్లారం అనగానే మీలో చాలామందికి రాష్ట్రపతి నిలయం, నీడనిచ్చే పెద్ద చెట్లు, కంటోన్మెంటు రోడ్లు గుర్తుకు వస్తాయి. ఆ బొల్లారం వేరు. మాది మియాపూరు అవతలి పారిశ్రామికవాడ బొల్లారం. పూర్వం మెదక్ జిల్లాలో ఉండేది, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. హాస్టల్లో చేరిన కొత్తలో నా రూమ్మేటు "మీది బొల్లారమా? అదృష్టవంతుడివోయ్" అన్నాడు. సరే చూద్దువుగాని రమ్మని ఒక ఆదివారం తీసుకెళ్ళాను. బస్సు దిగీదిగగానే జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

సావనీరుకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంఘం కార్యదర్శి అడిగినప్పుడు మొదట కవిత వ్రాద్దామనుకున్నాను. కాని 2024 వేసవి నుంచి గుండెలో ముల్లులా గుచ్చుకుంటున్న సంగతి ఒకటుంది. దాన్ని దాచుకుని వెన్నెల మీద వ్రాయబుద్ధి కాలేదు.

మా బాపు ఒక మందుల ఫాక్టరీ టైమాఫీసులో చాలా ఏండ్లు పనిచేశాడు. ఆయన చేరిన రోజుల్లో కార్డులూ కంప్యూటర్లూ లేవు. ప్రతి కార్మికుడికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. లోపలికి పోతూ దాన్ని గేటు దగ్గరి బోర్డు మేకుకు తగిలించాలి, బయటికొస్తూ తీసుకుపోవాలి. బోర్డు మీద ఎన్ని బిళ్ళలుంటే లోపల అంతమంది మనుషులు. షిఫ్టు మారిన తర్వాత కూడా ఒక బిళ్ళ వేలాడుతూంటే బాపు అన్నం ముట్టేవాడు కాదు, ఆ నంబరు మనిషిని వెతుక్కుంటూ ప్లాంటంతా తిరిగేవాడు. చిన్నప్పుడు నాకది చాదస్తంగా కనబడేది.

2024 వేసవి సెలవుల్లో ఆరువారాల శిక్షణకు బొల్లారంలోనే ఇంకొక ఫాక్టరీకి వెళ్ళాను. దాని పేరు చెప్పను. అక్కడ బిళ్ళలు ఎక్కడివి! గేటు దగ్గర కార్డు చూపితే తిరిగే ఇనుపచక్రం, ముఖం చూసి తలుపు తీసే యంత్రం. లోపల ఒక్కొక్క రియాక్టరు వేడి, పీడనం, కలియదిప్పే కవ్వం వేగం అన్నీ క్షణక్షణం వైర్ల వెంట కంట్రోలు రూములోని కంప్యూటరుకు చేరుతాయి. దీన్నే స్మార్ట్ ఫాక్టరీ అంటున్నారు. వెనక ఒక మనిషి థర్మామీటరు చూసి పుస్తకంలో వ్రాసి సంతకం పెట్టేవాడు. ఇప్పుడు ఎవరి పేరుతో కంప్యూటరు తెరిచి ఉంటే ఆ పనికి వారి సంతకమే పడుతుంది.

ఈ సంతకం చిన్న విషయం కాదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 1997లోనే ఒక నిబంధన పెట్టింది. ఎలక్ట్రానిక్ సంతకం ఒక్క మనిషికే చెందాలి, దాన్ని ఇంకొకరికి మార్చి ఇవ్వకూడదు. ఎందుకంటే బిళ్ళ మింగే రోగి ఒంగోలులో ఉండవచ్చు, ఒహాయోలో ఉండవచ్చు. ఆ మందు సరిగ్గా తయారైందనడానికి మిగిలే సాక్ష్యం ఆ అంకెలే. అంకె పక్కన ఉన్న పేరు అబద్ధమైతే అంకెను మాత్రం ఎట్లా నమ్మడం?

ఇదంతా ఇప్పుడు తెలివిగా చెబుతున్నాను గాని, అప్పుడు నాకు కావలసింది ప్రాజెక్టు రిపోర్టులో అతికించడానికి నాలుగు గ్రాఫులు. నా కార్డుకు ఆఫీసు, కాంటీను తలుపులు మాత్రమే తెరుచుకునేవి. నన్ను తమ్ముడిలా చూసుకునే ఆపరేటరు అన్న ఒకాయన ఉండేవాడు. ఒక మధ్యాహ్నం "తమ్మీ, నా ఎనకనే రా. తలుపు మూసుకునేలోపు దూరు" అన్నాడు. దూరాను. ఒక కార్డు మీద ఇద్దరం వెళ్ళామన్నమాట. కాసేపు అన్నీ చూపించి, "చాయ్ తాగొస్త. ఏం ముట్టకు" అని ఆయన వెళ్ళాడు. కంప్యూటరు ఆయన పేరుతో తెరిచే ఉంది.

ముట్టాను. జేబులో పెన్‌డ్రైవు ఉంది. మన హాస్టలు పక్కన జిరాక్సు షాపులో రోజుకు వందమంది గుచ్చి తీసే కంప్యూటరులో ముందురోజు రాత్రే దానిలోకి సినిమా పాటలు ఎక్కించుకున్నాను. దాన్ని తీసుకెళ్ళి ఆ యంత్రానికి పెట్టి గ్రాఫులు కాపీ చేసుకున్నాను. అన్న తిరిగివచ్చేవరకు లోపలే కూర్చున్నాను. నిజానికి బయటికి రావడానికి కూడా కార్డు కావాలి, నా కార్డుకు ఆ తలుపు తెరుచుకోదు.

మర్నాడు మేనేజరు గదిలో పిలుపు, నాకు కాదు, అన్నకు. నేను బయట వరండాలో ఉన్నాను, అన్నీ వినబడుతూనే ఉన్నాయి. "రెండు ముప్పై అయిదుకు నీ కార్డు బయటికొచ్చినట్టు తలుపు చెబుతోంది. రెండు నలభై ఒకటికి నీ పేరుమీద ఫైళ్ళు పెన్‌డ్రైవులోకి పోయినట్టు కంప్యూటరు చెబుతోంది. తలుపు లెక్క ప్రకారం అప్పుడా గదిలో ఎవరూ లేరు. మరి ఎవరు చేశారయ్యా, దయ్యమా?"

అన్న గొంతు చాలాసేపటికి వినిపించింది. "తెల్వదు సార్."

నా పేరు చెప్పలేదాయన. నేనూ తలుపు తోసుకుని లోపలికి పోలేదు. ఈ రెండో సంగతి వ్రాయడానికే ఇంత ఉపోద్ఘాతం.

రాత్రి బాపుతో చెప్పాను. తిడతాడనుకున్నాను. కాసేపు ఊరుకుని, "అంటే బోర్డు మీద బిళ్ళ లేకుంట లోపటికి పోయినవన్నట్టు" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "పొద్దుగాల పోయి చెప్పు బిడ్డా. ఆయనకు గూడ పిల్లలున్నరు."

వెళ్ళి చెప్పాను. శిక్షణ అక్కడితో ఆగింది, సర్టిఫికెట్టు ఇవ్వలేదు. అది న్యాయమే. అన్నను దొంగతనం అనుమానం నుంచి తప్పించింది తలుపు లెక్కా, నా ఒప్పుకోలూ. కాని కంప్యూటరు తెరిచి వదిలినందుకు మెమో, మూడురోజుల సస్పెన్షను పడ్డాయి. నా కష్టమల్లా ఇక్కడే. ఆ గదిలో కాంట్రాక్టు హెల్పర్లకు సొంత లాగిన్లు లేవు. నలుగురు చేసే పని రోజూ అన్న పేరు మీదే నడిచేది. ఆ సంగతి పైవాళ్ళకు తెలియదా? తలుపుకు లక్షలు పెట్టినవాళ్ళు మనిషికొక పేరు ఇవ్వడానికి వెనకాడితే, మెమో ఎవరికి ఇవ్వాలి?

తరువాత లైబ్రరీలో ఈ విషయమే వెతుక్కుంటూ చదివాను. కంప్యూటరు దొంగలంటే ఎక్కడో చీకటిగదిలో కూర్చుని తాళాలు తెరుస్తారనుకుంటాం గదా! ఆస్ట్రేలియాలో మరూచీ అనేచోట 2000లో మురుగునీటి పంపులను పాడుచేసినవాడు, ఆ వ్యవస్థను అమర్చిన కంపెనీలో పనిచేసి మానేసినవాడే. దాదాపు ఎనిమిది లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి పోయింది. మనిషి కొలువు మానేసినా అతనికి తెలిసిన దారి మాత్రం మూయలేదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే పురుగు ఇరాన్‌లో ఇంటర్‌నెట్టుతో సంబంధమే లేని అణు కేంద్రంలోని యంత్రాలను దెబ్బతీసింది. అటువంటి చోటికి పోగలిగేలా దాన్ని పెన్‌డ్రైవుల ద్వారా పాకేటట్లే తయారుచేశారు. అది చదివిన రాత్రి నా పాటల పెన్‌డ్రైవు బల్లమీద పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇక మన హైదరాబాదులోనే, 2020 అక్టోబరులో డాక్టర్ రెడ్డీస్ వారు తమ మీద సైబరు దాడి జరిగిందని ప్రకటించి, డేటా సెంటరు సేవలన్నింటినీ వేరుచేసి పెట్టవలసి వచ్చింది. దానికీ నా తప్పుకూ పోలిక లేదు, కాని మన ఊరికీ ఈ బెడద ఉందని చెప్పడానికి వ్రాస్తున్నాను.

తలుపూ కంప్యూటరూ వేర్వేరు రిజిస్టర్లు వ్రాసుకుంటూ ఒకదాన్నొకటి పలకరించుకోకపోతే లాభం లేదట. మనిషి గది దాటగానే అతని పేరుతో తెరిచిన కంప్యూటరు దానంతటదే మూసుకోవాలి. లోపలికి వచ్చినట్టు నమోదుకాని కార్డు బయటికి పోకూడదు, బయటికి రాని కార్డు మళ్ళీ లోపలికి పోకూడదు. కొలువు మానిన సాయంత్రమే కార్డు చచ్చిపోవాలి. అంతా వినడానికి బాగానే ఉంది. కాని కార్డు వద్దు, వేలిముద్రే మేలు అనే పెద్దలు ఒకసారి మా వాడలో సాల్వెంటు డ్రమ్ములు కడిగేవాళ్ళ చేతులు చూడాలి. వేళ్ళమీది గీతలు అరిగి నున్నబడి ఉంటాయి. యంత్రం నాలుగుసార్లు ఎర్రదీపం వేస్తుంది, వెనక వరుస గొణుగుతుంది, చివరికి సూపర్వైజరు తన కార్డు తో గేటు తీసి పదిమందిని పంపేస్తాడు. అప్పుడా పదిమంది లోపల లేనట్టే లెక్క. పైగా పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, వేలిముద్ర పోతే ఏం మార్చుకుంటాం? వ్యక్తిగత డేటాకు రక్షణగా 2023లో పార్లమెంటు చట్టం చేసింది. మా డ్రమ్ముల హెల్పరు వేలిముద్ర కూడా డేటాయేనని అతనికి ఎవరు చెబుతారో!

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫాక్టరీ పేలింది. మాకు దూరమేమీ కాదు. నలభైమందికి పైగా పోయారు, ఎక్కడెక్కడి రాష్ట్రాలనుంచో వచ్చినవాళ్ళు. కొందరు ఎవరన్నది డి.ఎన్.ఎ. పరీక్షలు చేసి తేల్చవలసి వచ్చింది. బాపు టీవీ ముందు నుంచి లేవలేదు. తమవాళ్ళ ఫోటోలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళను చూస్తూ ఒకటే అడిగాడు: "లోపట ఎంతమంది ఉండిరట?"

నాకు ఆ మధ్యాహ్నం రెండు నలభై ఒకటి గుర్తుకొచ్చింది. అప్పుడు మా ప్లాంటులో ఏదైనా జరిగి ఉంటే, తలుపు లెక్క చూసి "ఆ గదిలో ఎవరూ లేరు" అనే చెప్పేవాళ్ళు. నాకోసం ఎవరూ అటు వెతకవలసిన పనిలేదు. బాపు ఒక్కడే ఏ బిళ్ళా లేని కొడుకు కోసం గేటు దగ్గర నిలబడేవాడు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో అన్నను బస్టాపు దగ్గరి హోటల్లో కలిశాను. మొహం చెల్లక పక్కకు తప్పుకోబోతే ఆయనే పిలిచి చాయ్ చెప్పాడు. ఇప్పుడు హెల్పర్లకు కూడా తలా ఒక లాగిను ఇచ్చారట, ఒక కార్డు మీద ఇద్దరు దూరితే తలుపు మోత మోగిస్తుందట. "చాయ్‌కి పోవాల్నన్నా కంప్యూటరు మూసి పోవాలె తమ్మీ, పెద్ద లొల్లి అయిపోయింది నీతోని" అని నవ్వాడు. నేను డబ్బులివ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపి, మెడలోని కార్డు చొక్కా జేబులో దోపుకుని, సెకండ్ షిఫ్టుకు టైమైందని లేచి వెళ్ళిపోయాడు.