పడితే లేపాలి

"వాడెందుకురా అలా అరుస్తాడు?"

ఫస్ట్ ఇయర్‌లో నా ల్యాప్‌టాప్‌లో లింకిన్ పార్క్ పాట మోగినప్పుడల్లా మా రూమ్మేట్ అడిగే ప్రశ్న ఇది. వాడు ఇంటర్ దాకా తెలుగు మీడియం. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. "నీకు అర్థం కాదులే" అనేసి హెడ్‌ఫోన్స్ పెట్టేసుకునేవాణ్ణి. అప్పట్లో అది పెద్ద మాట అనిపించలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే. ఏడాది లేటయింది.

మన క్యాంపస్‌లో హెవీ రాక్ వినేవాళ్ళు తక్కువ. మిగతావాళ్ళకి అది ఒట్టి గోల. అందుకని మొదట్నుంచీ చెప్తాను.

ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల ఊరు. 1960లలో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రాడు అక్కడ ఇనప రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గిటార్ వాయించి బతుకుదామని ఉద్యోగం మానేశాడు. ఆఖరి రోజు డ్యూటీలో కుడిచెయ్యి మెషిన్‌లో పడి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతివాటం. అంటే తీగల మీద నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్ళతోనే. ఇక గిటార్ అయిపోయిందనుకుని ఇంట్లో కూర్చున్నాడు.

అప్పుడు ఆ ఫ్యాక్టరీ మేనేజర్ ఒక రికార్డు పట్టుకొచ్చి వినమన్నాడు. విన్నాక అసలు సంగతి చెప్పాడు. అది వాయించిన జాంగో రైన్‌హార్ట్ ఎడమచేతి వేళ్ళు అగ్నిప్రమాదంలో కాలిపోయాయని, అంత సంగీతం రెండు వేళ్ళతోనే వాయిస్తున్నాడని. అయోమీ లేచాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అతికించుకున్నాడు. 1968లో స్నేహితులతో కలిసి బ్యాండ్ పెట్టాడు. అదే బ్లాక్ సాబత్. 1970 ఫిబ్రవరి 13న వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌తోనే హెవీ మెటల్ పుట్టిందని చాలామంది అంటారు. తర్వాత అయోమీ తన వేళ్ళకి సులువుగా ఉండాలని తీగలు వదులు చేసి శ్రుతి దించాడు. దాంతో శబ్దం ఇంకా బరువెక్కింది. ఇవాళ్టి హెవీ బ్యాండ్లు చాలావరకు అలా శ్రుతి దించే వాయిస్తాయి. ఒక మనిషి దెబ్బ మొత్తం ఒక సంగీతానికే గొంతు అయిందన్నమాట.

ఇక ఆ గరగర. గిటార్ సిగ్నల్‌ని యాంప్లిఫైయర్ మోయగలిగినదానికన్నా ఎక్కువ పెంచితే వేవ్ పైభాగం, కిందిభాగం తెగిపోతాయి. ఈసీఈ వాళ్ళు దీన్ని క్లిప్పింగ్ అంటారు. ల్యాబ్‌లో వస్తే తప్పు, ఇక్కడ అదే కావాలి. తెగినచోట కొత్త హార్మోనిక్స్ పుడతాయి. దాని మీద ఎక్కువ స్వరాలు కలిపి వాయిస్తే అంతా కలగాపులగం అయిపోతుంది. అందుకే చాలాసార్లు రెండే స్వరాలు పట్టుకుంటారు. మన లెక్కలో స, ప. తంబురాలో మామూలుగా మోగేవీ అవే. ఈ ముక్క మా అమ్మమ్మకి చెప్తే నవ్వింది గానీ నమ్మలేదు.

లింకిన్ పార్క్ కాలిఫోర్నియా బ్యాండ్. మొదటి ఆల్బమ్ హైబ్రిడ్ థియరీ 2000 అక్టోబర్‌లో వచ్చింది. మైక్ షినోడా ర్యాప్ చేస్తాడు, చెస్టర్ బెన్నింగ్టన్ పాడతాడు, అరుస్తాడు. చిన్నప్పుడు తన మీద జరిగిన అఘాయిత్యం గురించి, తర్వాత పట్టుకున్న వ్యసనాల గురించి చెస్టర్ దాచుకోకుండా చెప్పాడు. ఆ అరుపు వెనక ఉన్నది అదే. 2017 జూలై 20న తన ప్రాణం తనే తీసుకున్నాడు. అదే ఏడాది అక్టోబర్ 27న లాస్ ఏంజెలెస్‌లోని హాలీవుడ్ బౌల్‌లో మిగిలినవాళ్ళు అతని కోసం కచేరీ పెట్టారు. 'నమ్' పాట దగ్గర స్టేజీ మీద ఎవరూ పాడలేదు. పూలు కట్టిన ఖాళీ మైక్ స్టాండ్ మీద లైటు వేసి, బ్యాండ్ వాయిస్తూ ఉంది. మాటలన్నీ జనమే పాడారు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఏడేళ్ళ తర్వాత, 2024 సెప్టెంబర్ 5న, ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే కొత్త సింగర్‌తో వాళ్ళు మళ్ళీ స్టేజీ ఎక్కారు. నేను హాస్టల్లో చేరిన కొత్తలవి. ఇక రాత్రీ పగలూ అవే పాటలు.

అదే రోజుల్లో నా మంచానికి మూడడుగుల దూరంలో మా రూమ్మేట్ మెల్లగా మాట్లాడటం మానేశాడు.

మొదట క్లాసులో ఏం చెప్తున్నారో అందట్లేదన్నాడు. తర్వాత అదీ అనలేదు. మెస్‌కి రావడం తగ్గించాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఫస్ట్ సెమ్‌లో మూడు సబ్జెక్టులు పోయాయి. ఒక రాత్రి "నిద్ర పట్టట్లేదురా, కాసేపు బయటికెళ్దామా" అన్నాడు. నేను హెడ్‌ఫోన్స్ వైపు చూపించి "ఈ ఒక్క పాట అవ్వనీ" అన్నాను. ఆ పాట అయ్యాక ఇంకోటి వచ్చింది. నేను చూసేసరికి వాడు దుప్పటి ముసుగేసుకున్నాడు. పడుకున్నాడనుకున్నాను.

ఫిబ్రవరిలో వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళిపోయారు. బ్యాగు జిప్పు పాడైతే నవారుతో కట్టారు. వెళ్తూ నా భుజం మీద చెయ్యేసి "నువ్వన్నా బాగా చదువుకో నాయనా" అన్నారు. నేను తల ఊపాను.

మొన్న డిసెంబర్‌లో ఇద్దరు సీనియర్లతో బెంగళూరు వెళ్ళాను, జీవితంలో మొదటి లైవ్ షోకి. స్టేడియం కాదు. మూడొందల మంది పట్టే హాలు, వరసగా నాలుగు లోకల్ బ్యాండ్లు. చెవుల్లో ప్లగ్స్ పెట్టుకున్నా డ్రమ్ దెబ్బ ఛాతీలో తగులుతుంది. ఫోన్లో వినేదీ, ఇదీ ఒకటి కాదు. అక్కడ పాట చెవిలోకి రాదు, ఒంట్లోకి వస్తుంది.

మూడో బ్యాండ్ అప్పుడు హాలు మధ్యలో జనం వెనక్కి జరిగి గుండ్రంగా ఖాళీ చేశారు. ఆ ఖాళీలో నలభై, యాభై మంది గిరగిరా పరిగెడుతూ ఒకళ్ళనొకళ్ళు గుద్దుకోవడం మొదలెట్టారు. దూరం నుంచి చూస్తే కొట్లాటే. నేనూ దూకాను. అర నిమిషం కూడా అవ్వలేదు, ఎవరి మోచెయ్యో తగిలి బోర్లా పడ్డాను. కళ్ళజోడు ఎగిరిపోయింది. కళ్ళ ముందు అన్నీ బూట్లే. తొక్కేస్తారనుకున్నాను.

తొక్కలేదు. ఇద్దరు నా రెండు పక్కలా చేతులు చాపి అడ్డంగా నిలబడ్డారు. ఇంకో ఇద్దరు చంకల కింద చేతులేసి ఒక్క ఊపులో లేపారు. మెడంతా పచ్చబొట్లున్న ఒకాయన నా కళ్ళజోడు వెతికి, తన టీషర్టుతో తుడిచి, నా ముఖానికి పెట్టాడు. "ఓకేనా మచ్చా?" అని అడిగాడు. నేను తల ఊపేదాకా కదల్లేదు. తర్వాత మళ్ళీ వెళ్ళి గుద్దుకోవడంలో పడిపోయాడు.

బయటికొచ్చాక మా సీనియర్ అన్నాడు: "పిట్‌లో ఒకటే రూల్‌రా. పడితే లేపాలి."

ఈ రూల్ అన్నిచోట్లా కాపాడిందని చెప్పను. 2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రాస్కిల్డ్ ఫెస్టివల్‌లో పెర్ల్ జామ్ వాయిస్తుండగా ముందువరసల్లో జనం పడిపోయారు. వెనకవాళ్ళు నెడుతూనే ఉన్నారు. బ్యాండ్ పాట ఆపి జరగమని బతిమాలింది. తొమ్మిది మంది ఊపిరాడక చనిపోయారు. వెనకున్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ముందు ఎవరు పడ్డారో వాళ్ళకి కనపడలేదు, అంతే.

నాకు ఆ సాకు కూడా లేదు. మూడడుగులు. కనపడుతూనే ఉంది. ఎక్కడో అమెరికాలో ఒక మనిషి బాధని పదేపదే వింటూ, దాన్ని నేనే అర్థం చేసుకున్నానని గొప్పపడుతూ, ఆ హెడ్‌ఫోన్స్ అడ్డం పెట్టుకుని పక్కమంచం మీది బాధ వినకుండా ఉన్నాను.

తిరుగు బస్సు ఎక్కేముందు వాడికి ఫోన్ చేశాను. పది నెలల తర్వాత. ఎత్తడేమో అనుకున్నాను, ఎత్తాడు. వాళ్ళ ఊరి దగ్గర డిగ్రీలో చేరాడట. బాగానే ఉన్నానన్నాడు. నేను సారీ చెప్పబోతే "ఇప్పుడెందుకురా అవన్నీ" అన్నాడు. కాసేపాగి వాడే అడిగాడు: "ఇంతకీ వాడెందుకురా అలా అరుస్తాడు?"

ఈసారి చెప్పాను. తెలుగులో చెప్పడానికి తంటాలు పడ్డాను. "లోపల ఏదో... సఫొకేటింగ్‌గా... అంటే ఎలా చెప్పాలి, గొంతుదాకా వచ్చి..."

"ఉక్కిరిబిక్కిరి" అన్నాడు వాడు.

"ఆ, అదే. అది ఎవరికీ చెప్పుకోలేక."

"దానికి ఇంగ్లీష్ రావాలేంట్రా? అది నాకు తెలుసు."

నాకేం మాట్లాడాలో తెలియలేదు. వాడే నవ్వి, ఒక పాట పంపమన్నాడు. పంపాను.

మీకు హెవీ రాక్ నచ్చకపోయినా ఫర్లేదు. ఆ ఒక్క రూల్ మాత్రం హాస్టల్‌కి తెచ్చుకుందాం. పక్కమంచం మీదవాడు గోడవైపు తిరిగి పడుకుంటుంటే ఒకసారి హెడ్‌ఫోన్స్ తీసి అడగండి. పాట ఎక్కడికీ పోదు, మళ్ళీ మొదట్నుంచి పెట్టుకోవచ్చు.

మర్నాడు పొద్దున బస్సు దిగేసరికి వాడి మెసేజ్ వచ్చి ఉంది: "మూడుసార్లు విన్నా. బాగా అరిచాడు."