తొంభై రోజుల ఎండ

డిసెంబరు ఒకటో తారీఖు. ఇంగ్లండులోని లీడ్స్‌లో మధ్యాహ్నం నాలుగయ్యేసరికి చీకటి పడిపోతుంది. అదే రోజు అదే వేళకు, పోర్చుగల్ దక్షిణ తీరంలోని తవీరా అనే చిన్న ఊళ్లో ఓ తెలుగావిడ బాల్కనీలో కుర్చీ వేసుకుని మోకాళ్లకు ఎండ తగిలేలా కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ ఉంటుంది. లోపల్నుంచి భర్త గోడ క్యాలెండరు మీద పెన్నుతో ఓ సున్నా చుడతాడు. తొంభైలో ఒకటి!

ఆయన గుంటూరులో వైద్యం చదివి 1970ల్లో బ్రిటన్ వెళ్లిన డాక్టర్లలో ఒకరు. ఆవిడది చీరాల దగ్గర పల్లె. ఉద్యోగ విరమణ తర్వాత చాలాఏళ్లు చలికాలం రాగానే ఇండియా వచ్చేసేవారు. అత్తగారు పోయాక ఇక్కడ తాళం వేసిన ఇల్లు మాత్రమే మిగిలింది. పైగా వయసు డెబ్బై దాటింది, కూతురూ మనవలూ లీడ్స్‌లోనే. 'ఏదన్నా అయితే మూడు గంటల్లో మీ దగ్గర ఉండాలి నాన్నా' అంది కూతురు. లీడ్స్ నుంచి పోర్చుగల్‌లోని ఫారో విమానాశ్రయానికి ప్రయాణం సుమారు మూడు గంటలు. అలా ఆ ఊరు ఖాయమైంది.

వీళ్లేమీ కొత్త దారి తొక్కలేదు. బ్రిటన్, జర్మనీ, నెదర్లాండ్స్ దేశాల్లోని విశ్రాంత ఉద్యోగులు ఏటా చలికాలంలో పోర్చుగల్ దక్షిణ ప్రాంతమైన అల్గార్వ్‌కు తరలిపోతుంటారు. మన పులికాట్‌కు రాజహంసలు వచ్చినట్టన్నమాట. జనవరిలో అక్కడ పగలు 15, 16 డిగ్రీలు. రాత్రి ఏడెనిమిదికి దిగుతుంది. వేసవి రద్దీ ఉండదు కాబట్టి నెలవారీ అద్దెలూ తక్కువే. వినడానికి ఎంత బాగుందో! కానీ మొదటి ఏడాది ఆ దంపతులకు తెలియని సంగతులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి ప్రాణాల మీదికి తెచ్చింది.

బయట వెచ్చన... లోపల వణుకు!

అల్గార్వ్‌లో పాత ఇళ్లు వేసవి వేడిని తట్టుకోవడానికి కట్టినవి. మందపాటి గోడలు, నేలంతా టైల్స్. ఇంగ్లండులోలా ఇల్లంతా వెచ్చబరిచే ఏర్పాటు చాలా ఇళ్లలో ఉండదు. నవంబరు నుంచి జనవరి దాకా వర్షాలు. గోడలకు చెమ్మ, బీరువాలో బట్టలకు బూజు వాసన. 'బయటకు వెళ్లేటప్పుడు స్వెట్టరు విప్పి, ఇంట్లోకి రాగానే వేసుకునేవాళ్లం' అంటుందావిడ.

2023 జనవరిలో ఓ రాత్రి చలి మరీ ఎక్కువగా ఉంటే, ఇంట్లో ఉన్న గ్యాస్ హీటరును పడకగదిలోకి తోసుకొచ్చారు. లోపలే సిలిండరు, కింద చక్రాలు... అక్కడి ఇళ్లలో మామూలుగా కనిపించేదే. కిటికీలన్నీ బిగించి పడుకున్నారు. తెల్లవారుజామున ఆయనకు తల పగిలిపోతున్నంత నొప్పి, వికారం. ఫ్లూ ఏమో అనుకున్నాడు. ఆవిడని లేపితే 'నాకూ తల తిరుగుతోందండీ' అంది. లేవబోయి మంచం మీదే కూలబడింది. ఇద్దరికీ ఒకేసారి, ఒకే గదిలో! ముప్ఫై ఏళ్లు రోగులకు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది... కార్బన్ మోనాక్సైడ్. రంగు ఉండదు, వాసన ఉండదు. హీటరు కట్టేసి, కిటికీ తెరిచి, ఆవిడని ఈడ్చుకుంటూ బాల్కనీలోకి తెచ్చాడు. 112కి ఫోన్ చేశాడు. యూరప్‌లో ఎక్కడున్నా అత్యవసరానికి అదే నంబరు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మర్నాటికి తేరుకున్నారు.

ఇంటికి రాగానే ఆయన చేసిన మొదటి పని తిరుగు టికెట్ల కోసం వెతకడం. 'డాక్టర్నై ఉండి నిన్ను చంపబోయాను' అన్నాడట. ఆవిడ మాత్రం కదల్లేదు. 'హీటరు తప్పు చేస్తే ఎండనెందుకండీ వదులుకోవడం? లీడ్స్‌లో ఈ మోకాళ్లతో మెట్లు దిగి ఎన్నాళ్లయింది?' అంది. ఆ సాయంత్రమే బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం కొన్నారు. ఇప్పుడు సూట్‌కేసులో మొదట సర్దేది దాన్నే.

ఆ తర్వాత ఏటా ఇల్లు అద్దెకు తీసుకునేముందు ఆయన అడిగే ప్రశ్నలు ఇవే. ఇల్లు దక్షిణం వైపుకి ఉందా? మధ్యాహ్నం గదిలోకి ఎండ పడుతుందా? వెచ్చబరిచేది కరెంటా, గ్యాసా? నీళ్లు కాచే గ్యాస్ గీజరు ఉంటే దాని పొగ బయటికి పోయే గొట్టం సరిగ్గా ఉందా? కరెంటు ఛార్జీ అద్దెలో కలిసే ఉందా, పరిమితి దాటితే విడిగా కట్టాలా? తేమ లాగే యంత్రం ఉందా? వీటిలో ఒక్కదానికి నీళ్లు నమిలినా వేరే ఇల్లు చూసుకోవడమే.

లెక్క తప్పితే చిక్కే

2021 నుంచి బ్రిటన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు యూరప్‌లోని షెంజెన్ దేశాలన్నిట్లో కలిపి, ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. దిగిన రోజూ లెక్కే, బయల్దేరిన రోజూ లెక్కే. డిసెంబరు 1న దిగితే, లీపు సంవత్సరం కాకపోతే, ఫిబ్రవరి 28తో సరిగ్గా తొంభై నిండుతాయి. ఆ తర్వాత మే 29 దాకా పారిస్‌లో పెళ్లి ఉన్నా వెళ్లడానికి లేదు! 2025 అక్టోబరు 12 నుంచి రాకపోకల్ని వేలిముద్రలు, ఫొటోతో కంప్యూటర్లో నమోదు చేసే పద్ధతి మొదలుపెట్టారు. 'ఒక్కరోజు ఎవరు చూస్తార్లే' అనుకోవడానికి వీల్లేదు. అందుకే ఆ క్యాలెండరు మీద సున్నాలు.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి తప్పనిసరిగా షెంజెన్ వీసా కావాలి. బ్రిటన్ వీసా ఉంటే పోర్చుగల్ చూసి రావచ్చనుకుంటే పొరపాటే. పిల్లల దగ్గరికి లండన్ వెళ్లి అక్కణ్నుంచి అటు వెళ్లాలనుకునే తల్లిదండ్రులు ఇండియాలోనే రెండు వీసాలూ తీసుకుని బయల్దేరడం మంచిది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. గడువు కనీసం 15 రోజులు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి.

మందులు వాటి అసలు పెట్టెల్లోనే, డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లాలి. బ్రిటన్‌లో స్థిరపడినవారికి ఆ దేశం ఉచితంగా ఇచ్చే ఆరోగ్య కార్డు అక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో పనికొస్తుంది. కానీ మనిషిని ఇంటికి చేర్చే ఖర్చు అది భరించదు. అందుకే విడిగా బీమా ఉండాల్సిందే. పాత జబ్బుల్ని దాచకుండా రాయాలి. ఖాళీగా వదిలి వెళ్లే ఇంటి సంగతీ మర్చిపోకూడదు. నెలా రెండు నెలలకు మించి ఇల్లు ఖాళీగా ఉంటే చాలా బీమాలు వర్తించవు. నీళ్ల గొట్టాలు గడ్డకట్టి పగలకుండా ఏర్పాటు చేసుకోవాలి.

అనాస అంటే అనాసే!

యూరప్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు. నెయ్యి సీసా, పాలకోవా విమానాశ్రయంలోనే ఆగిపోతాయి. పచ్చి ఆకులు, కూరగాయలకు ధ్రువపత్రం కావాలి. ఆవకాయకూ కందిపొడికీ ఇబ్బంది లేదు. పోర్చుగీసువాళ్లు అన్నం బాగా తింటారు. అల్గార్వ్ వంటల్లో కొత్తిమీర ధారాళం. బజార్లో మొదటిసారి పండు చూపించి ఆవిడ అలవాటుగా 'అనాస' అనేసింది. అమ్మే మనిషి వెంటనే తీసిచ్చాడు. ఆ పేరు మనకిచ్చింది వాళ్లే మరి! బొత్తాం, మేస్త్రి, అల్మారా కూడా అటునుంచి వచ్చినవే. ఆ రోజు నుంచి ఆవిడకి ఆ భాషంటే భయం పోయింది.

తిరగడానికి కారు అక్కర్లేదు. లాగోస్ నుంచి స్పెయిన్ సరిహద్దు దాకా తీరం వెంబడే రైలు ఉంది. వయసు రుజువు చూపిస్తే 65 దాటినవారికి సగం ఛార్జీ. సముద్రం దగ్గర మాత్రం జాగ్రత్త. అది ప్రశాంతమైన మధ్యధరా కాదు, అట్లాంటిక్. చలికాలంలో అలలు పెద్దవి, తీరంలో కాపలాదారులు ఉండరు. పడమటి వైపు రాతి కొండల నీడన కూర్చోవద్దని బోర్డులు ఉంటాయి. 2009 ఆగస్టులో అల్బుఫైరా దగ్గర కొండచరియ విరిగిపడి అయిదుగురు చనిపోయారు.

తవీరా పక్కనే ఉప్పు మడులు. చలికాలంలో నీళ్లు నిండి, రాజహంసలతో గులాబీ రంగులో ఉంటాయి. అచ్చం చినగంజాం దారిలా ఉంటుందని ఆవిడ రోజూ సాయంత్రం అటే నడక. మొదటి ఏడు గుమ్మం దాకా నడవడమే గొప్ప. ఇప్పుడు గట్టు చివరిదాకా వెళ్లొస్తుంది.

జనవరి ఆఖరుకి బాదం చెట్లు పూస్తాయి. వెనకటికి ఓ అరబ్బు రాజు, ఉత్తర దేశం నుంచి వచ్చిన రాణి మంచు కోసం బెంగపెట్టుకుంటే, కిటికీలోంచి తెల్లగా కనిపించేలా నేలంతా బాదం చెట్లు నాటించాడని అక్కడో కథ. ఆవిడకి ఆ కథ ఇష్టమే. 'మంచు మీద బెంగ పెట్టుకుందంటే ఆ మహాతల్లికి మోకాళ్ల నొప్పుల్లేవన్నమాట' అంటుంది నవ్వుతూ.

ఫిబ్రవరి 28న ఆయన చివరి సున్నా చుట్టి క్యాలెండరు తీసేస్తాడు. ఆవిడ ఇంటి తాళాలిస్తూ వచ్చే ఏటికి అదే బాల్కనీ కావాలని చెప్పి వస్తుంది.