మధ్యలో ఆపని సన్నాయి

ఈ వారం తామర పురుగు సంగతీ, మిర్చి రేటు సంగతీ కాస్త పక్కన పెడుతున్నాను. మొన్న ఆదివారం గుంటూరులో మా ఊరి సన్నాయి సాయిబు ఒక్కడే కూర్చుని 40 నిమిషాలు వాయించాడు. డోలు లేదు, తాళం లేదు, మనకు తెలిసిన పాట ఒక్కటీ లేదు. ఆ సంగతి మీకు చెప్పాలనిపించింది.

వాడూ నేనూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. నేను ఇంటర్‌లో చేరాను, వాడు వాళ్ళ నాయన వెంట మేళానికి పోయాడు. మన చిలకలూరిపేట, ఒంగోలు వైపు ముస్లింల ఇళ్ళల్లో సన్నాయి విద్య తరతరాలుగా ఉంది. రాములవారి కల్యాణానికైనా, మన ఇంట్లో పెళ్ళికైనా వాళ్ళే వచ్చి వాయిస్తారు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ళ సంగీత కళానిధి అందుకున్నారు. మా వాడికి అంత పేరు లేదు. వాడి బతుకంతా పెళ్ళిళ్ళ సీజనే. డీజేలు వచ్చాక ఆ సీజనూ చిక్కిపోయింది. జోడీగా డోలు కొట్టే ఆయన మోకాళ్ళ నొప్పులతో మానేశాడు.

పెళ్ళిలో సన్నాయి ఎట్టా ఉంటుందో మనందరికీ తెలుసు. పాపం వాళ్ళు ఒక కీర్తన ఎత్తుకుని మంచి పట్టులో ఉంటారు. ఇంతలో పంతులుగారు వేలు పైకెత్తి ఊపుతారు. ఎక్కడిది అక్కడ ఆపేసి గట్టిమేళం అందుకోవాలి. తాళి కట్టే టైములో తుమ్ములూ, చెడ్డ మాటలూ చెవిన పడకూడదని ఆ హోరు. తాళి కట్టడం అయ్యాక అక్షింతలు, ఫొటోలు, భోజనాలు. ఆగిపోయిన కీర్తన సంగతి ఎవరికీ గుర్తుండదు. "40 ఏళ్ళుగా మధ్యలో ఆపడమే నా ఉద్యోగం మావా" అని వాడు నవ్వుతూ అంటుంటాడు.

ఈ ఏడాది వాడి పై పళ్ళు రెండు కదలడం మొదలుపెట్టాయి. పీకను పెదాల మధ్య బిగించి ఊదాలి గదా, ముందు పళ్ళు పోతే ఆ బిగువు నిలవడం కష్టం. డాక్టరు తీసేయాల్సిందే అన్నాడు. "ఒక్కసారి నా ఇష్టమొచ్చింది వాయించుకుని అప్పుడు తీయించుకుంటా" అన్నాడు వీడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే వాళ్ళబ్బాయి, స్నేహితులతో కలిసి చిన్న హాలు మాట్లాడాడు. కాలితో నొక్కే ఒక పెట్టె కూడా కొనిచ్చాడు. ఒకసారి నొక్కి వాయిస్తే అది పట్టుకుంటుంది. మళ్ళీ నొక్కితే అదే ముక్కను తిప్పి తిప్పి వినిపిస్తుంది. దాని మీద ఇంకోటి వాయించుకోవచ్చు. వెనకటికి సన్నాయి పక్కన ఒత్తు ఊదే మనిషి ఉండేవాడు చూడండి, అట్టా అన్నమాట.

మా ఊరి నుంచి అయిదుగురం ఆటోలో పోయాం. వాడు మొదట పీక పెట్టకుండా ఉత్త గొట్టంలోకి గాలి ఊదాడు. తాటితోపులో రాత్రిపూట గాలి వచ్చినట్టుంది. పెట్టె దాన్ని పట్టుకుంది. తర్వాత ఊదకుండా వేళ్ళతో రంధ్రాల మీద టపటపా కొట్టాడు, కల్లంలో పట్టా మీద చినుకులు పడ్డట్టు. మావాళ్ళలో ఒకాయన నా చెవిలో "ఇంకా శ్రుతే చూసుకుంటున్నాడా?" అని అడిగాడు. వెనక కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఒకచోట పెట్టె నొక్కడం తప్పి అన్నీ కలగాపులగం అయిపోయాయి. వాడు కంగారు పడలేదు. అన్నీ ఆపి, పీక తుడుచుకుని, మళ్ళీ గాలి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

ఆ తర్వాత పీక పెట్టి ఒక రాగం ఎత్తుకున్నాడు. నెమ్మదిగా పైకి తీసుకుపోతా, తీసుకుపోతా ఉన్నట్టుండి తెంపేసి గట్టిమేళం ఊదాడు. డోలు లేని గట్టిమేళం ఎప్పుడైనా విన్నారా? పందిట్లో జనమంతా వెళ్ళిపోయాక ఒక్కడే మిగిలినట్టుంది. అది కూడా ఆపి, రెండు గుక్కల నీళ్ళు తాగి, రాగం ఎక్కడ తెగిందో సరిగ్గా అక్కడ అందుకున్నాడు. అందుకుని చివరి దాకా తీసుకుపోయాడు. నా పక్కన శ్రుతి సంగతి అడిగినాయన తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

బయటకొచ్చి టీ తాగుతా "ఎట్టా ఉంది మావా?" అన్నాడు. "సగం అర్థం కాలేదు గానీ లేవబుద్ధి కాలేదురా" అన్నాను. "నాకూ సగమేలే" అని నవ్వాడు.

మనమూ అంతే గదా. వ్యాపారి అడిగిన రకమే వేస్తాం, వాడు చెప్పిన రేటుకే తూస్తాం. అయినా మనలో చాలామంది ఓ మూల పావెకరంలో ఎవరూ అడగని విత్తనం వేసి చూస్తుంటారు. గట్టు మీద నిలబడి సన్నాయి నొక్కులు నొక్కేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆ పావెకరం పండొచ్చు, ఎండొచ్చు. వేసినవాడికి మాత్రం అది ఒకరు చెప్పి వేయించిన పంట కాదు. అది చేతికొచ్చేదాకా నోరు మూసుకుని చూడటం పక్క రైతు ఇవ్వాల్సిన మర్యాద. హాల్లో కూర్చున్నవాళ్ళు ఇవ్వాల్సిన మర్యాద కూడా అదే అనుకుంటాను.

పళ్ళు తీయించడం వచ్చే వారం. కట్టుడు పళ్ళతో ఆ పట్టు మళ్ళీ కుదురుతుందో లేదో చూడాలి. వైశాఖంలో మా అన్న కూతురి పెళ్ళి ఉంది. అప్పటికి వాడు ఊదగలిగితే వాడే, లేకపోతే వాడు పంపిన కుర్రాడు. ఎవరు వాయించినా సరే, తాళి కట్టాక ఆగిపోయిన కీర్తన మళ్ళీ అందుకుని పూర్తి చేసేదాకా డీజే పెట్టొద్దని, జనాన్ని భోజనాలకు లేపొద్దని మా అన్నతో ముందే ఒప్పించాను. మహా అయితే పది నిమిషాలు. కూర చల్లారిపోదు.