చెప్పుటలోని లోపము



"ఆ డబ్బాలోనిది కొంచెము వేయుము" అని చెప్పి, పులుసులో ఉప్పు రెండుమారులు పడగా కోడలిని కోపించు అత్తగారిని మనమందఱము ఎఱుగుదుము. డబ్బా ఏది, కొంచెమనగా ఎంత, అంతకుముందు వేసినదా లేదా అన్నవి ఆమె చెప్పియుండదు. అట్టి అత్తగారు మాలోను కలదని గతసంవత్సరము మాకు తెలిసివచ్చినది.

మేము హైదరాబాదులోని ఫిల్మ్‌నగర్‌లో సినిమావారికి చీరలు అద్దెకిచ్చు చిన్న దుకాణము నడపుచున్నాము. సమీపమున నున్న స్టూడియోలకును, జూబిలీహిల్సులో చిత్రీకరణకై అద్దెకు తీసికొను ఇండ్లకును మా మూటలు పోవుచుండును. చీరల లెక్కకై మా మేనల్లుడు ఒక కృత్రిమ మేధ ఏజెంటును అమర్చినాడు. మనము మామూలు మాటలతో చెప్పినదానిని గ్రహించి, తన కిచ్చిన పనిముట్లలో తగినదానిని తానే ఎన్నుకొని అది పనిచేయును. ఈ పనిముట్లు ఇనుపవి కావు. లెక్కలో చీరను వెదకుట, ఒకరికై నిలిపియుంచుట, చిరిగినదానిని లెక్కనుండి కొట్టివేయుట మొదలగు పనులే. వానికి పేర్లును వివరణలును వ్రాయవలసి యుండెను. "అత్తయ్యా, చీరల సంగతి మీకే తెలియును, మీరే వ్రాయుడు" అని మేనల్లు డనెను. ఇదెంతపని యని, కొట్టివేయు పనిముట్టునకు "చీర తీయుట: చీరను తీయును" అని వ్రాసి ఊరకుంటిమి.

ఒకనాటి సాయంకాలము ఏజెంటుతో "మామిడిపిందెల గద్వాల చీరను రేపటికి తీసియుంచుము" అంటిమి. అది "తీయుట"ను ఎన్నుకొనెను. మఱునాటి చీటీలో ఆ చీర కొట్టివేసినవానిలో చేరెను. మావద్ద పనిచేయు పిల్ల చీటీ చూచి, దానిని పాతబట్టల మూటలో కట్టి, కొనువానికి ఇచ్చివేసెను. ఆ చీరతో అప్పటికే సగము సన్నివేశము చిత్రీకరించియుండిరి. వాకిట ఎఱ్ఱచీరతో నున్న కథానాయిక నడవలోనికి నీలిచీరతో రాజాలదు గదా!

మేము ఆ పిల్లను నోటికి వచ్చినట్లు తిట్టి, రేపటినుండి రావలదంటిమి. "చీటీలో ఉన్నట్లే చేసినానమ్మా" అని కన్నీరు తుడుచుకొని ఆమె వెడలిపోయెను. మధ్యాహ్నము మేనల్లుడు వచ్చి ఏజెంటు చేసినపనుల జాబితా తెఱచి చూపెను. అది మేము వ్రాసినదానినే నమ్మినది. ఈ ఊర సినిమాను తీయుదురు, బీరువాలోని చీరను తీయుదురు, మనిషిని పనిలోనుండియు తీయుదురు. ఏ తీయుటయో మేము చెప్పనేలేదు! చీటుపడువేళకు చీర దొరికినది. ఆగిన చిత్రీకరణ నష్టము మేమే భరించితిమి. ఆ రాత్రియే పిల్ల యింటికి పోయి క్షమాపణ కోరి, మరల పిలుచుకొని వచ్చితిమి.

2024 నవంబరులో ఆంథ్రోపిక్ అను సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను పద్ధతిని వెలువరించెను. అందు పనిముట్టు పేరును, వివరణయు, ఇయ్యవలసిన వివరముల పట్టికయు ఏజెంటునకు అందును. మన మనసులోనిది అందదు. సినిమావారికి ఈ నీతి క్రొత్త కాదు. సన్నివేశములను వరుసతప్పి తీయుదురు గనుక, కొంగు ఏ భుజముపై నుండెనో, గాజులు ఎన్నియో కంటిన్యుటీ పుస్తకములో వ్రాసికొందురు. రేపు చదువువాడు నేడు చూడనివాడు కావచ్చును. ఏజెంటును అట్టివాడే.

కావున వివరణను తిరిగి ఇట్లు వ్రాసితిమి: "చిరిగి పనికిరాని చీరను లెక్కనుండి శాశ్వతముగా కొట్టివేయును. ఒకరికై చీరను ప్రత్యేకించుటకు దీనిని వాడరాదు. అందులకు 'నిలిపియుంచుట' కలదు. చీర సంఖ్య ఇయ్యవలెను, వర్ణన చాలదు. కొట్టివేసినపిమ్మట మరల చేర్చ వీలులేదు." ఏమి చేయును, ఎప్పుడు తగును, ఎప్పుడు తగదు, ఏమి ఇయ్యవలెను, పొరబడిన ఏమగును—ఈ ఐదును ఉండిన చాలును. అయినను వివరణ తాళము కాదు. అందుచే మా అనుమతి లేనిదే కొట్టివేత జరుగకుండ మేనల్లుడు వేఱుగా కట్టుదిట్టము చేసెను.

ఇప్పుడు ప్రతి వివరణను ముందుగా ఆ పిల్లకే చదువ నిత్తుము. మేము నోరు మెదపము. మొన్న ఆమె ఒకచోట వ్రేలుంచి, "పెద్దఅంచనగా ఎన్ని అంగుళములమ్మా?" అని అడిగెను. ఇరువదియేండ్లుగా చీరల నడుమ నున్న మాకు ఆ ప్రశ్న తోచలేదు. బద్ద తెచ్చి, ఇద్దఱము కూర్చుండి కొలిచితిమి.